కాగితం మీద పడని చుక్క

నేను ఉద్యోగం మానేసిన రోజు, నా బల్ల తీసుకోబోయే నీలిమ ఒక నోట్‌బుక్కు తెరిచి పట్టుకుని నా పక్కన నిలబడింది. "అక్కా, ఇక్కడ ముఖ్యంగా ఏం నేర్చుకోవాలో చెప్పండి, రాసుకుంటాను" అంది. డ్రాయింగులు ఏ ఫోల్డరులో ఉన్నాయో, సిలికాన్ ఎక్కణ్ణుంచి తెప్పిస్తామో, కొలతలు తీసే పరికరం ఎవరికీ ఎందుకు ఇవ్వకూడదో చెప్పాను. ఆ అమ్మాయి అన్నీ రాసుకుంది. ఇంటికొచ్చాక తెలిసింది, అసలు సంగతి ఒక్కటి కూడా చెప్పలేదని.

అందుకని ఇది, ఆ అమ్మాయి కోసం. రిటైరయ్యాను అనడానికి నా వయసు చాలదు. మెకానికల్ ఇంజనీరింగు చదివి, అమలాపురం నుంచి కొత్తపేట వెళ్లే దారిలో ఒక చిన్న ప్లాస్టిక్ యూనిట్లో ఎనిమిదేళ్లు పనిచేశాను. అమ్మ మోకాళ్లు ఇప్పుడు పూర్తిగా మొరాయించాయి. మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఏడాదిన్నర పిల్లని చూసుకునే చేతులు ఇంట్లో నావి తప్ప లేవు. మానేశాను. పిల్ల పడుకున్నాక రాస్తున్నాను కాబట్టి ఎక్కడైనా మాట తెగినట్టు ఉంటే, లేచిందనుకోండి.

ఎనిమిదేళ్లలో జీతం ఎప్పుడు పెరిగింది, పేరు ముందు ఏ హోదా చేరింది అన్నవి రాయను. నేను చేసిన పని ఒకటే. పంపు నొక్కి వదిలేశాక నాజిల్ చివర నుంచి చుక్క కారకుండా చూడటం. దాన్ని గురించే రాస్తాను.

నొక్కాక ఏం జరుగుతుంది

హ్యాండ్‌వాష్ సీసా మీద పంపు అందరికీ తెలిసిందే. నొక్కుతాం, సబ్బు అరచేతిలో పడుతుంది, చెయ్యి తీసేస్తాం. మనకి అక్కడితో పని అయిపోయింది. పంపుకి అవలేదు. నాజిల్ గొట్టంలో ఇంకా కొంచెం ద్రవం మిగిలే ఉంటుంది. అది నెమ్మదిగా చివరికి జారి, గుండ్రంగా ఉబ్బి, కాసేపు వేలాడి, పడుతుంది. అప్పటికి మనం ఆ గదిలో కూడా ఉండం.

ఆ చుక్కని ఆపడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పంపు పైకి లేచేటప్పుడు గొట్టంలో మిగిలినదాన్ని వెనక్కి పీల్చుకునేలా చెయ్యడం. రెండోది, నాజిల్‌కి ఒక నోరు పెట్టడం. పల్చటి సిలికాన్ బిళ్ల మధ్యలో కత్తిగాటు పెడితే, లోపలి నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు పెదాల్లా తెరుచుకుంటుంది, ఒత్తిడి పోగానే మూసుకుంటుంది. చెప్పడానికి ఇంతే. ఈ ఇంత కోసం నేను ఎన్ని బిళ్లలు కోశానో లెక్క లేదు. వ్యాను డ్రైవరు నన్ను చూసినప్పుడల్లా, "ఏవండీ సునీత గారూ, చుక్క ఆగిందా అండీ?" అని అడిగేవాడు. మా ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగినట్టే ఉండేది అతను అడిగే తీరు.

నీళ్లు అమ్మేవాళ్లు లేరు

చేరిన రెండో ఏడు నేను చేసిన తప్పు ముందు చెబుతాను, తర్వాత చేసిన పెద్ద తప్పుకి ఇది అన్నలాంటిది.

ఒక హ్యాండ్‌వాష్ కంపెనీ కోసం పంపు చేశాం. నేను దాన్ని నీళ్లతో పరీక్షించాను. నీళ్లు శుభ్రం, బల్ల పాడవదు, కడుక్కోవక్కర్లేదు. ఒక్క చుక్క కారలేదు. పొంగిపోయి సంతకం పెట్టాను. సరుకు వెళ్లింది, వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. నీళ్లు ఆపిన పంపు చిక్కటి సబ్బుని ఆపలేదు. సబ్బు తీగలా సాగి, తెగక, సీసా ఒంటి మీదంతా కారి ఎండిపోయింది.

మా యూనిట్లో అచ్చులు చెక్కే పెద్దాయన అబ్రహాం గారు. ఆ డైలన్నీ ఆయన చేతివే. ఆ సీసాని కళ్లద్దాలు ఎత్తి చూసి, "నీళ్లు బానే ఆపేరండి. వాళ్లు నీళ్లమ్ముతున్నారేటండి మరి?" అన్నారు.

నవ్వలేకపోయాను.

యజమాని ప్రసాద్ గారు ఏమీ అనలేదు. ఆయన అరిచే మనిషే, కానీ ఆ రోజు అరవలేదు. జిగురు కట్టిన ఆ సీసాని తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. నెల రోజులు దాన్ని అక్కణ్ణుంచి తీయనివ్వలేదు. అప్పట్లో చాలా కోపం వచ్చింది. ఇప్పుడూ అది మంచి పద్ధతి అనను. కొత్తగా చేరిన పిల్లని అలా కూర్చోబెట్టడం తప్పే. కానీ ఆ సీసా పుణ్యమా అని, ఏ ద్రవం పోస్తారో ఆ ద్రవంతోనే పరీక్ష చెయ్యడం మాత్రం నా ఒంట్లోకి పోయింది. ఆ ఒక్కటీ తెలిస్తే చాలనుకున్నాను. అదే నా గర్వం.

కొబ్బరినూనె పంపు

మా పాప చిన్నికి నాలుగో నెల వచ్చి నేను సెలవు నుంచి తిరిగి చేరినప్పుడు, బల్ల మీద కొత్త పని ఉంది. తాటిపాక వైపు ఒక నూనె మిల్లు వాళ్లు కొబ్బరినూనెని పంపు సీసాలో అమ్మాలనుకుంటున్నారు. పసిపిల్లలకి ఒళ్లు రుద్దే నూనె. తల్లి ఒక చేత్తో పిల్లని పట్టుకుని రెండో చేత్తో నొక్కుకోవచ్చు. చుక్క మాత్రం కారకూడదు. మా యూనిట్‌కి అంత పెద్ద పని అంతకుముందు రాలేదు.

ప్రసాద్ గారు నన్ను పిలిచి, "పసిపిల్ల తల్లివి, నీకు తెలిసినంత ఎవరికీ తెలీదమ్మా. నువ్వు సరే అంటే సరే" అన్నారు.

ఆ మాట నాకు సంతోషం కలిగించలేదు. భయం వేసింది. అప్పటికి నాలుగు నెలలుగా నాకు అన్నిటికీ భయమే. చొక్కా గుండీ ఊడి నోట్లో పెట్టుకుంటుందేమోనని చిన్ని బట్టలకున్న గుండీలన్నీ కత్తిరించి తాళ్లు కుట్టాను. అలాంటి మనిషిని ఒక సిలికాన్ బిళ్ల నాజిల్‌కి అమర్చమంటే నేను మొదట చూసేది చుక్కనా? కాదు. ఆ బిళ్ల ఊడి ఏ పిల్ల గొంతులోకైనా పోతుందేమోనని చూశాను.

అందుకని దాన్ని నాజిల్ అంచున పెట్టలేదు. వేలిగోరంత లోపలికి జరిపాను. పాకే పిల్ల సీసాని లాగి నోట్లో పెట్టుకున్నా పళ్లకి అందదు. పట్టకారుతో లాగి చూశాను, రాలేదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

ఇక పరీక్ష. నీళ్లతో కాదు, మిల్లు నుంచి వచ్చిన నూనెతోనే. ప్యాకింగులో పనిచేసే ఆడవాళ్లని ఆరుగురిని కూర్చోబెట్టాను. వాళ్లకి పెద్ద కరుణమ్మ గారు, బండారులంక నుంచి వచ్చేవారు. ఒక్కొక్కరి ముందు ఒక సీసా, నాజిల్ కింద తెల్ల కాగితం. నొక్కాలి, నూనెని గిన్నెలోకి తీసుకోవాలి, నిమిషం ఆగాలి, మళ్లీ నొక్కాలి. నూనె చుక్క ఒక్కటి పడినా కాగితం మీద మరక దాగదు. మూడు రోజులు చేశారు. సాయంత్రం కాగితాలన్నీ కిటికీ వెలుగుకి ఎత్తి చూసేదాన్ని. అన్నీ తెల్లగానే ఉన్నాయి.

ఆఖరి రోజు ఆరుగురికీ తలో సీసా ఇంటికి ఇచ్చాను. వాడి చూసి ఎలా ఉందో చెప్పమన్నాను. కరుణమ్మ గారు సీసాని సంచిలో పెట్టుకుంటూ, "మా జ్యోతి పురిటికొచ్చిందండి, మనవడికి ఇరవయ్యో రోజు. వాడికే రాత్తాం లెండి" అన్నారు. నాలుగు రోజుల తర్వాత అడిగితే ఆరుగురూ "బాగుందండి" అన్నారు. నేను "బాగుంది" అని ఆరుసార్లు రాసి కింద సంతకం పెట్టాను. సోమవారం పొద్దున్న మొదటి లాటు మిల్లుకి వెళ్లాలి. శనివారం సాయంత్రమే పెట్టెలు వ్యానుకెక్కాయి.

ఆదివారం పొద్దున్న

మా ఇంట్లోనూ ఒక సీసా ఉంది కానీ అమ్మ దాన్ని ముట్టుకోలేదు. నూనె గిన్నెలో వేడి చేసి రాయడమే ఆవిడకి అలవాటు. ఆ ఆదివారం ఆ గిన్నె ఎక్కడ పెట్టిందో కనపడక, పంపు సీసా తెచ్చి స్నానాల గట్టు మీద ఆవిడ పక్కన పెట్టాను. అమ్మ పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. చిన్ని ఆ కాళ్ల మీద బోర్లా పడుకుని ఉంది. నేను తువ్వాలు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను.

అమ్మ పంపు నొక్కింది. అరచేతిలో నూనె పడింది. చెయ్యి వెనక్కి తీసుకుంటూ, చూపుడువేలితో నాజిల్ మూతిని ఒకసారి తుడిచింది. ఆ వేలిని తన జుట్టుకి రాసుకుంది. చూసి చేసింది కాదు. కళ్లు చిన్ని వీపు మీదే ఉన్నాయి.

రెండోసారీ అంతే. నొక్కడం, తుడవడం, జుట్టుకి రాసుకోవడం.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"

"ఏం చేస్తన్నానూ? నూనె రాత్తన్నాను."

"కాదు, ఆ వేలితో."

"ఏ వేలూ?" అని తన చేతిని తానే తిప్పి చూసుకుంది.

మూడోసారి నొక్కినప్పుడు చిన్ని ఒక్కసారిగా కాళ్లు తన్ని పక్కకి దొర్లబోయింది. అమ్మ రెండు చేతులూ పిల్ల మీదకి వెళ్లాయి. నాజిల్ ఖాళీగా మిగిలింది. నేను దాన్నే చూస్తున్నాను. మూతి దగ్గర చిన్న మెరుపు. అది నెమ్మదిగా లావైంది. కిందికి సాగింది. గట్టు అంచున, అమ్మ మడమ పక్కన, నాపరాయి మీద పడింది. కాసేపటికి ఇంకొకటి.

నేను ఆ చుక్కలనే చూస్తూ ఉండిపోయాను. స్నానం అయ్యాక అమ్మ పిల్లని రెండు చేతుల్లో ఎత్తుకుని లేవబోయింది. మడమ ఆ చుక్క మీదే ఆనింది. కాలు బెత్తెడు జారింది. భుజం వెళ్లి గోడకి తగిలింది. పిల్ల ఆవిడ చేతుల్లోనే ఉంది.

నేను ఎప్పుడు లేచానో, చిన్నిని ఎప్పుడు లాక్కున్నానో తెలియదు. అమ్మ భుజం పట్టుకుని, "ఏం కాలేదే, ఏం కాలేదు, అలా వణికిపోతన్నావేంటి" అంటోంది. నా తలలో మాత్రం తెల్ల కాగితాలు తిరుగుతున్నాయి. మూడు రోజులు నేను కాగితాలు చూశాను. పరీక్ష చేస్తున్న చేతులు చూడలేదు. ఎందుకు చూస్తాను? నేనూ ఈ ఇంట్లోనే పెరిగాను. నూనెచుక్క వృథా పోనివ్వకుండా వేలితో తీసి తలకి రాసుకోవడం నేనూ రోజూ చేసే పనే. ఊపిరి తీసుకోవడాన్ని ఎవరైనా పరీక్ష కాగితంలో రాస్తారా?

ఇంకో ఇంట్లో నెల కూడా నిండని పిల్లాడు ఉన్నాడు. వాడికి నీళ్లు పోసేవాళ్ల కాళ్ల దగ్గరా ఇదే సీసా ఉంది.

గుడ్డ

కరుణమ్మ గారికి ఫోను చేశాను. ఎత్తలేదు. ఆదివారం ప్రార్థనకి గుడిలో ఉంటారు. జ్యోతి నంబరు నా దగ్గర లేదు. చిన్నిని అమ్మకి ఇవ్వడానికి చెయ్యి రాలేదు. పక్కింటి పిన్నిగారి ఒళ్లో పెట్టి, స్కూటీ తీశాను. బండారులంక దూరమేం కాదు. ఆ వేళ మాత్రం ఎంతకీ రాలేదు. దారిలో రెండుసార్లు ఆగి మళ్లీ ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

నేను వెళ్లేసరికి పెరట్లో వేన్నీళ్ల ఆవిరి కనిపిస్తోంది. నీళ్లు పోసే మామ్మగారు పిల్లాణ్ణి కాళ్ల మీద వేసుకుని ఉన్నారు. జ్యోతి చెంబు పట్టుకుని నిలబడింది.

"లేవకండి" అని అరిచాను. "మామ్మగారూ, అలాగే ఉండండి. లేవకండి."

మామ్మగారు తలెత్తి నన్ను కింద నుంచి పైదాకా చూశారు. "ఎవరే ఈ పిల్లా? ఏటొచ్చింది?"

"మా అమ్మ వాళ్ల ఫ్యాక్టరీ మేడం గారండి" అంది జ్యోతి కంగారుగా. "ఏమైందండి? అమ్మకేమన్నా అయ్యిందాండి?"

"సీసా ఎక్కడ? నూనె సీసా?"

జ్యోతి గోడవార చూపించింది. ఎత్తుగా ఉన్న ఇటుక మీద పెట్టి ఉంది. సీసా కింద నాలుగు మడతలు వేసిన పాత చీరముక్క. దాని మీద నూనె మరక, అరచేయంత.

"ఆ గుడ్డ ఎందుకు?"

"చుక్క పడతంది కదండి" అంది జ్యోతి. "మొదటి రోజే పెట్టేసేం. మామ్మగారు కాలు జారద్దని తిట్టేరు."

"మరి అమ్మ నాతో బాగుందని చెప్పారేం? కారుతోందని చెప్పలేదేం?"

జ్యోతి నావంక వింతగా చూసింది. "పంపన్నాక కారద్ది కదండి. అందులో చెప్పేదేటుంది?"

మామ్మగారు పిల్లాడి తల తుడుస్తూ, "మరే. ఇదేదో ఇంతదూరం వచ్చి అరిసేంత ఇదా? బిడ్డ జడుసుకోడూ!" అన్నారు.

నేను ఆ ఇటుక పక్కనే కూర్చుండిపోయాను. నీలిమా, అప్పటికి దాదాపు ఏడేళ్లుగా నేను రాసిన రిపోర్టులన్నిటిలో ఆ గుడ్డంత నిజమైనది ఒక్కటి లేదు. అడిగితే ఎవరూ చెప్పరు. అబద్ధం ఆడాలని కాదు. సర్దుకున్నదాన్ని తప్పుగా లెక్కపెట్టే అలవాటు వాళ్లకి లేదు. అందుకే "ఎలా ఉంది" అని అడగొద్దు. ఇంటికి వెళ్లి చూడు. సీసా కింద ఏం పెట్టారో చూడు.

జ్యోతిని అడిగి ఆ గుడ్డ తెచ్చుకున్నాను. గుడి నుంచి వచ్చాక మిగతా అయిదు సీసాలూ ఎవరెవరి ఇళ్ల నుంచి తెప్పించాలో కరుణమ్మ గారే చూసుకున్నారు. సాయంత్రానికి ఆరూ నా దగ్గరున్నాయి.

సోమవారం

ప్రసాద్ గారికి ఆదివారమే ఫోనులో చెప్పాను. "పొద్దున్న మాట్లాడదాం" అని పెట్టేశారు. పొద్దున్న ఏడింటికి నేను వెళ్లేసరికి వ్యాను గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. డ్రైవరు ఆ రోజు చుక్క సంగతి అడగలేదు.

ప్రసాద్ గారు గుడ్డ చూశారు. బల్ల మీద పడేశారు. "సంతకం ఎవరిదమ్మా?"

"నాదేనండి."

"మూడు రోజులు పరీక్ష చేయించింది ఎవరు?"

"నేనేనండి."

"అయితే వీళ్లు మోసం చేశారన్నమాట. తుడిచేసి కాగితం తెల్లగా చూపించేరు."

కరుణమ్మ గారు తలుపు దగ్గరే ఉన్నారు. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. "ఏవండీ ప్రసాద్ గారూ, పదకొండేళ్ల నుంచి మీ దగ్గర చేస్తన్నాను. ఒక్క మూత పట్టుకెళ్లేనా అండి? మేం తుడవలేదండి. ఎవరం తుడవలేదు."

ఆవిడ నిజంగానే అలా అనుకుంటున్నారు. ఇద్దరికీ ఇద్దరూ తాము నమ్మిందే చెబుతున్నారు, వ్యాను ఇంజను ఆగకుండా మోగుతోంది.

"కరుణమ్మ గారూ, ఒక్కసారి కూర్చోండి" అన్నాను. లాటులోంచి ఒక పంపు తీసి సీసాకి బిగించి, కింద కాగితం పెట్టాను. "ఒక్కసారే నొక్కండి. నొక్కేసి చెయ్యి ఒళ్లో పెట్టేసుకోండి. ఇంకేం చెయ్యకండి."

"ఆయ్" అన్నారు.

నొక్కారు. నూనెని గిన్నెలోకి తీసుకున్నారు. చెయ్యి ఒళ్లోకి వెళ్లింది. వెళ్లి, ఆగలేదు. దాని పాటికి అది లేచి నాజిల్ వైపు సగం దూరం వచ్చింది. ఆవిడ దాన్ని చూసుకున్నారు. ఎవరిదో చెయ్యి అయినట్టు చూసుకున్నారు. ఎడమచేత్తో దాని మణికట్టు గట్టిగా పట్టుకుని మళ్లీ ఒళ్లో పెట్టుకున్నారు.

అబ్రహాం గారు కళ్లద్దాలు ఎత్తి ముందుకి వంగారు. ప్రసాద్ గారు నిలబడే ఉన్నారు. నాజిల్ చివర మెరుపు వచ్చింది. కాసేపు అలాగే ఉంది. కారకపోతే బాగుండునని నాకూ అనిపించింది, ఆ మాట దాచను. అది లావైంది, సాగింది, తెగింది. కాగితం మీద మరక గుండ్రంగా పాకింది.

"ప్రభువా" అన్నారు కరుణమ్మ గారు, తన చేతినే చూస్తూ.

ప్రసాద్ గారు కుర్చీలో కూర్చున్నారు. "ఇంట్లో గుడ్డ పెట్టుకుంటన్నారుగా. అందరూ అలాగే పెట్టుకుంటారు" అన్నారు. ఆ మాటలో బలం లేదు, కానీ అన్నారు.

"గుడ్డ పెట్టని ఇల్లు మాదేనండి" అన్నాను. "నిన్న మా అమ్మ పిల్లని ఎత్తుకుని జారింది. గోడ ఉండబట్టి ఆగింది. ఈ సరుకు వెళ్తే నా సంతకం మీద వెళ్లకూడదు. ఆ కాగితం ఇచ్చెయ్యండి, చింపేస్తాను. తర్వాత నన్ను ఉంచుతారో లేదో మీ ఇష్టం."

ఆయన చాలాసేపు మరకనే చూశారు. తర్వాత బయటికి వెళ్లి, "ఇంజనాపరా! దింపండి పెట్టెలు" అని అరిచారు. ఆ ఏడాదంతా అంత గట్టిగా అరవలేదు.

ఆయన గొప్పవారని చెప్పను. నన్ను మాట అన్న తీరూ, వాళ్లని మోసగాళ్లన్న తీరూ నేను మరిచిపోలేదు. కరుణమ్మ గారికి క్షమాపణ చెప్పనూ లేదు. కానీ ఆ రోజు సరుకు ఆపారు. నా మాట విని కాదు, తన కళ్లతో చుక్క చూసి. పైవాళ్లతో వాదన ఎలా పెట్టుకోవాలో నాకు తెలిసింది ఇంతే. వాళ్ల ముందు మాటలు పెట్టొద్దు, కాగితం పెట్టు. అది కూడా చేతులు కట్టేసి పెట్టు.

తలుపూ గొళ్లెమూ

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి పంపుని నిలువునా కోసి చూశాం. సిలికాన్ నోరు చక్కగానే మూసుకుంటోంది. అయితే అది గోరంత లోపల ఉంది కదా. దానికీ నాజిల్ అంచుకీ మధ్య ఉన్న చోట్లో కొంచెం నూనె ఉండిపోతోంది. పెదాలు మూసుకున్నాయి, బయట ఉన్నది కారింది. ఊడి ఎవరి గొంతులో పడుతుందోనన్న నా భయమే ఆ చోటుని చేసింది. ఒక ప్రమాదాన్ని తప్పించబోయి ఇంకొకదాన్ని గట్టు మీద పెట్టాను.

"అంచుకి తెస్తే పిల్లలు పీకేస్తారండి" అన్నాను అబ్రహాం గారితో.

ఆయన బీడీ ఆర్పి, "మీ ఇంట్లో తలుపు ఎక్కడుంటాదండి?" అన్నారు.

"గుమ్మానికి."

"గొళ్లెం?"

"లోపల."

"మరి మీరు గొళ్లెంతో పాటు తలుపుని కూడా నట్టింట్లోకి లాక్కెళ్లిపోయేరు. అంతే జరిగింది."

ఆయన ఒక కాగితం మీద టోపీ బొమ్మ గీశారు. టోపీ నెత్తి నాజిల్ అంచుతో సమంగా బయటికి ఉంటుంది, గాటు దాని మీదే. టోపీ అంచు వెడల్పుగా లోపల ఉంటుంది, నాజిల్ కంతకన్నా పెద్దది. లోపలి నుంచి తొడగాలి. బయటి నుంచి ఎంత లాగినా రాదు. కాలేజీలో నాకు ఎవరూ చెప్పనిది ఆయన రెండు గీతల్లో చెప్పారు. అయితే గీతలు గీసినంత సులువుగా అచ్చు రాలేదు. మొదటి టోపీలు చిరిగాయి, తర్వాతవి ముడుచుకుపోయాయి. చలికాలం వచ్చి పొద్దున్నే నూనె పేరుకోవడం మొదలయ్యాక, ఆ పేరుకున్న పలుకులు పెదాల మధ్య ఇరుక్కుని మళ్లీ చుక్క కారింది. పెదాలు ఇంకా పల్చన చేశాం. మిల్లువాళ్లు రోజు విడిచి రోజు ఫోను చేసేవాళ్లు. ప్రతిసారీ ప్రసాద్ గారు నా బల్ల ముందే నిలబడి, నాకు వినపడేలా మాట్లాడేవారు. ఆ రోజుల్లో ఇంటికెళ్లి చిన్నికి అన్నం పెడుతున్నా నా కళ్లు గిన్నె అంచు మీదే ఉండేవి.

పరీక్ష పద్ధతి కూడా మార్చాను. నొక్కేవాళ్ల చేతులు బల్ల కింద ఉంటాయి. పంపు నొక్కడం కాలితో తొక్కే చెక్క మీటతో. పొద్దున్న పేరుకునే నూనెతో ఒకసారి, మధ్యాహ్నం కరిగాక ఇంకోసారి. తర్వాత చేతులతో, వాళ్లిష్టం వచ్చినట్టు. అప్పుడు నేను కాగితం వంక చూడను, వేళ్ల వంక చూస్తాను. ఎవరెవరు తుడుస్తున్నారో పక్కన గుర్తు పెట్టుకుంటాను. ఆరుగురిలో ఆరుగురూ తుడిచేవారు. తెలిసిన తర్వాత కూడా తుడిచేవారు. కరుణమ్మ గారు మొదట సిగ్గుపడ్డారు. తర్వాత తనే మిగతావాళ్లని, "ఏటే రత్నం, నీ జడ చూత్తే మొన్న పరీక్షంతా దాన్లోనే ఉన్నట్టుందే!" అని ఆటపట్టించేవారు.

ఆఖరి పరీక్ష

పాత టోపీలన్నీ పోయి, ఒక అచ్చు నిలబడింది. మీటతో పరీక్ష చేసిన కాగితాలు మూడు రోజులూ తెల్లగా వచ్చాయి. ఈసారి నమ్మలేదు. జ్యోతికి కొత్త సీసా పంపి, అయిదో రోజు ఆ ఇంటికి నేనే వెళ్లాను. ఇటుక మీద సీసా కింద మళ్లీ ఓ గుడ్డ ఉంది. గుడ్డ తీసి చూశాను. పొడిగా ఉంది. "మొన్న ఉతికి పెట్టేనండి. అలవాటు కదండి" అంది జ్యోతి.

అయినా సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. కరుణమ్మ గారిని పిలిచి, "మీటా వద్దు, కాగితమూ వద్దు, ఇంట్లో మనవడికి రాసేటప్పుడు ఎలా చేస్తారో అలా చెయ్యండి" అన్నాను.

ఆవిడ నొక్కారు. అరచేతిలో నూనె పడింది. చెయ్యి వెనక్కి తీసుకుంటూ, ఎప్పట్లాగే, చూపుడువేలితో నాజిల్ మూతిని తుడిచారు. తర్వాత ఆ వేలిని చూసుకున్నారు. కిటికీ వైపు తిప్పి మళ్లీ చూసుకున్నారు. నాకూ చూపించారు. వేలు పొడిగా ఉంది.

"ఏం లేదండి" అన్నారు.

అని, ఆ ఏమీ లేని వేలినే తలకి రాసుకున్నారు.

నేను సంతకం పెట్టాను.